పెళ్లి పోరు మీద మూడు నవలలు: ముందు ఏది చదవాలి?

పెళ్లి విషయంలో లోకం పెట్టే పోరు మీద, నవ్విస్తూనే వణికించే డిస్టోపియా నవల, అంటే మనిషికి ఊపిరాడనివ్వని సమాజాన్ని ఊహించి రాసిన నవల, ఏదైనా ఉంటే చెప్పమని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అడిగేటప్పుడే వాళ్ల దగ్గర మూడు పేర్లు రెడీగా ఉంటాయి: మార్గరెట్ ఆట్‌వుడ్ 'ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్', ఐరా లెవిన్ 'ద స్టెప్‌ఫర్డ్ వైవ్స్', సయాకా మురాతా 'కన్వీనియన్స్ స్టోర్ వుమన్'. వీటిలో ముందు ఏది పట్టుకోవాలన్నదే వాళ్ల ప్రశ్న. నా ఓటు మురాతాకి. చివరిదాకా ఊరించడం ఎందుకని ముందే చెప్పేస్తున్నా, కానీ ఆ నవల అందరికీ పడదు, అందుకే మిగతా రెండింటి సంగతీ చెప్పాలి. కథలు చాలావరకు బయటపడతాయి, అది ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఈ రకం నవలలో నేను మొదట చూసేది ఒకటే. మనిషిని దారిలో పెట్టడానికి కర్ర పట్టుకున్నది ఎవరు? ప్రభుత్వమా, కట్టుకున్నవాడా, లేక ఫలానా అని వేలెత్తి చూపించలేని ఆ 'నలుగురా'? శైలి బాగుందా, ముగింపు కుదిరిందా అన్నవన్నీ తర్వాత. కర్ర ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే నవ్వు ఎక్కణ్ణుంచి పుడుతుందో, పుస్తకం మూసేశాక భయం ఎంతకాలం వెంటాడుతుందో తేలిపోతుంది.

1985లో వచ్చిన ఆట్‌వుడ్ నవలలో కర్ర ప్రభుత్వానిది. గిలియడ్ అనే ఆ రాజ్యం రెండో పెళ్లిళ్లు చెల్లవని ఒక్క దెబ్బతో తేల్చేస్తుంది, దాంతో విడాకులు తీసుకున్నవాణ్ణి పెళ్లాడిన కథానాయిక కాపురం కాస్తా వ్యభిచారం కింద జమ అయిపోతుంది. కూతుర్ని లాక్కుని, పిల్లల్ని కని ఇవ్వడానికి ఆమెని ఒక కమాండర్ ఇంటికి పంపుతారు. ఇందులోనూ నవ్వు లేకపోలేదు. రూల్స్‌కి విరుద్ధంగా ఆ కమాండర్ ఆమెని రాత్రిపూట ఒంటరిగా తన గదికి రమ్మంటాడు, ఏం అడుగుతాడో అని ఆమెతో పాటు మనమూ బిగుసుకుపోతాం, తీరా చూస్తే ఆయనగారికి కావలసింది స్క్రాబుల్ ఆడటానికి జోడీ. ఆడవాళ్లు చదవడమే నేరమైన చోట అక్షరాల ఆట! చివర్లో 2195లో జరిగే ప్రొఫెసర్ల సదస్సు కూడా అంతే, ఆమె బతుకు వాళ్లకొక పరిశోధనాంశం, మధ్యమధ్యలో జోకులు. కానీ ఇలాంటివి పోగా మిగిలిందంతా ఊపిరాడని బరువు. పైగా చట్టం, కాపలా, గోడకి వేలాడే శవాలు కళ్లెదుట కనిపిస్తుంటే చదివేవాళ్లకి తప్పించుకునే సందు ఒకటి దొరుకుతుంది: మన దగ్గర అంతదాకా రాలేదులే అనుకోవచ్చు. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ ఇందులో పెట్టలేదని ఆట్‌వుడ్ చెప్పినా సరే, అనుకుంటాం. మూడింటిలోకీ పెద్ద నవల ఇదేనంటే ఒప్పుకుంటాను. మీరడిగింది నవ్వు కాబట్టి మొదటి పుస్తకంగా మాత్రం చెప్పను.

స్టెప్‌ఫర్డ్‌కి వచ్చేసరికి కర్ర మొగుళ్ల చేతిలోకి మారుతుంది. 1972 నాటి పుస్తకం, చాలా సన్నం, సాయంత్రం మొదలుపెడితే పడుకునేలోగా అయిపోతుంది. జోయానా అనే ఫొటోగ్రాఫర్ భర్తతో, ఇద్దరు పిల్లలతో న్యూయార్క్ వదిలి కనెటికట్‌లోని స్టెప్‌ఫర్డ్ అనే ఊరికి వస్తుంది; అక్కడి ఆడవాళ్లకి ఇంటిపని తప్ప దేనికీ తీరిక ఉండదు, మగవాళ్లు మెన్స్ అసోసియేషన్‌లో తేలుతుంటారు. మొగుళ్లు పెళ్లాల్ని చంపి, వాళ్ల స్థానంలో అచ్చం వాళ్లలాంటి రోబోల్ని పెడుతున్నారన్న గుట్టు పుస్తకం చదవనివాళ్లలో కూడా చాలామందికి తెలుసు. తెలిసినా పట్టు సడలదు, అదే లెవిన్ పనితనం. బొమ్మలేసే ఆయన ఒకడు కబుర్ల మధ్యలో జోయానాని చకచకా గీసేస్తాడు, ఇంకొకడు ఏదో ప్రాజెక్టు అని చెప్పి పెద్ద పదాల పట్టికంతా ఆమె గొంతుతో రికార్డు చేయించుకుంటాడు. ఎంత మామూలుగా, ఎంత మర్యాదగా అడుగుతారంటే ఎవరికైనా కాదనడానికి మొహమాటమే. ఎందుకడుగుతున్నారో తెలిసిన మనకి మాత్రం నవ్వాలో అరవాలో తెలియదు.

ఈ పుస్తకంలో నన్ను వదలనిది టెన్నిస్ కోర్టు. జోయానా స్నేహితురాలు షార్మేన్‌కి టెన్నిస్ అంటే ప్రాణం, ఇంటి దగ్గరే సొంత కోర్టు. భర్త ఎడ్‌తో ఒక వీకెండ్ ఒంటరిగా గడిపాక ఆవిడ మారిపోతుంది. ఇన్నాళ్లూ స్వార్థంగా ఉన్నాను, ఎడ్ ఎంత మంచివాడో అంటుంది. అటు పనివాళ్లు ఆ కోర్టుని పగలగొడుతుంటారు, దాని స్థానంలో ఎడ్ కోసం గోల్ఫ్ పుటింగ్ గ్రీన్ వస్తుందట. లెవిన్ హత్యని చూపించడు, కోర్టుని చూపించి ఊరుకుంటాడు.

లోటు ఎక్కడంటే, ఇక్కడ ఏ ఆడదీ తనంతట తాను లొంగదు. పాత మనిషిని తీసేసి కొత్తది పెడతారు, అంతే. దోషులెవరో, ఏ భవనంలో కూర్చుంటారో అంతా తెలుసు, ఆ భవనానికి తాళం పడితే సమస్య తీరినట్టే. పెళ్లి ఒత్తిడి గురించి నన్ను అడిగేవాళ్ల బాధ అలాంటిది కాదు కదా. వాళ్లనెవరూ ఎత్తుకుపోరు, 'నీ మంచికే చెబుతున్నాం' అంటారు.

మురాతా పట్టుకున్నది సరిగ్గా ఆ మాటనే. 2016లో జపాన్‌లో అకుతగవా ప్రైజ్ తెచ్చుకున్న చిన్న నవల ఇది, జిన్నీ టాప్లీ టకెమోరి ఇంగ్లీషు అనువాదం 2018లో వచ్చింది. కెయికో ఫురుకురాకి 36 ఏళ్లు, 18 ఏళ్లుగా ఒకే కన్వీనియన్స్ స్టోర్‌లో పార్ట్‌టైమ్ పని, పెళ్లి లేదు, ప్రేమ లేదు, అవి కావాలన్న కోరికా లేదు. స్టోర్‌లో మొహం ఎలా పెట్టాలో, ఎలా పలకరించాలో అన్నీ మాన్యువల్‌లో ఉంటాయి కాబట్టి అక్కడ ఆమె ప్రాణానికి హాయి. బయటి బతుక్కి మాన్యువల్ లేదు, అందుకని తోటి ఉద్యోగుల మాటతీరు, వాళ్లు వేసుకునే బ్రాండ్లు చూసి కాపీ కొడుతుంటుంది. ఇంకా ఎందుకు చేసుకోలేదని స్నేహితులూ వాళ్ల మొగుళ్లూ గుచ్చిగుచ్చి అడగడం ఎక్కువయ్యాక ఆమె ఒక లెక్క వేస్తుంది: ఇంట్లో ఒక మగాడంటూ కనిపిస్తే వీళ్లు వదిలేస్తారు. అలా, స్టోర్‌లో ఉద్యోగం ఊడిన షిరాహా అనే పనికిమాలినవాణ్ణి, రాతియుగం నుంచి లోకం ఏమీ మారలేదని ఊకదంపుడు ఉపన్యాసాలిచ్చేవాణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటుంది. వాడి మకాం బాత్‌రూమ్‌లో. వాడికి తిండి పెట్టడం ఆమె దృష్టిలో మేత వేయడమే.

నా లెక్కలో నవల ఇక్కణ్ణుంచే ఊపందుకుంటుంది. ఇంట్లో మగాడున్నాడని చెప్పగానే ఫోన్‌లో చెల్లెలికి ఆనందం పట్టదు, వాడెవడు, ఎలాంటివాడు అన్నది తర్వాతి మాట. స్టోర్‌లో మేనేజరుతో సహా అందరూ పని పక్కనబెట్టి గుసగుసల్లో పడతారు. తర్వాత చెల్లెలు ఇంటికొచ్చి అసలు సంగతి చూసి, అక్క ఎప్పటికి బాగవుతుందని ఏడుస్తుంది. అప్పుడు షిరాహా బయటికొచ్చి ఒక అబద్ధం అల్లుతాడు: పాత గర్ల్‌ఫ్రెండ్‌తో కలిసి తాగాను, మీ అక్కకి కోపమొచ్చి నన్ను బాత్‌రూమ్‌లో పడుకోమంది అని. అంతే, చెల్లెలి మొహం వెలిగిపోతుంది! వాణ్ణి చెడామడా తిడుతుంది, మనస్ఫూర్తిగా, సంతోషంగా తిడుతుంది. అక్క కాపురంలో గొడవన్నది ఆమెకి శుభవార్త, ఎందుకంటే అది అందరి ఇళ్లలోనూ ఉండే గొడవ. ఏ బాధా లేని వింత అక్క కంటే నానా తిప్పలు పడే మామూలు అక్క నయం. నాకు పొట్టచెక్కలయ్యేలా నవ్వొచ్చింది ఆ పేజీలో, ఆ నవ్వు ఆగాక చూస్తే అక్కడ చెడ్డవాళ్లెవరూ లేరు. కర్ర పట్టుకున్నది ఆ చెల్లెలే, కానీ అక్క మీద అంత ప్రేమున్న పిల్లని తిట్టడానికి నోరు రాదు.

ఇది డిస్టోపియా ఎలా అవుతుంది, ఇవాళ్టి టోక్యో కథే కదా అనేవాళ్లున్నారు. చట్టం లేదు, నిఘా లేదు, నిజమే. నేను మాత్రం ఆ ఖాతాలోనే వేస్తా. తనలో ఇమడని మనిషిని చప్పుడు లేకుండా ఏరిపారేసే ఏర్పాటు ఉందా లేదా అన్నదే కొలత అయితే, గిలియడ్ సైన్యాన్ని పెట్టి చేయించుకునే పని ఇక్కడ స్నేహితుల కబుర్లలో అయిపోతోంది, జీతం ఖర్చు కూడా లేదు. ఇంకో తమాషా ఏమిటంటే కెయికో తిరగబడే రకం కాదు. యూనిఫాం, మాన్యువల్, షిఫ్టు టైమింగ్స్, వీటికి ఆమె కంటే లొంగినవాళ్లు ఆ నవల మొత్తంలో లేరు. ఆమె ఇష్టంగా లొంగింది స్టోర్‌కి, లోకం లొంగమనేది పెళ్లికి, ఆ రెండింటిలో ఒకటే మామూలు ఎలా అయిందన్న ప్రశ్నని మురాతా ఎక్కడా నోటితో అడగదు. వ్యవస్థ మీద తిరగబడే వీరుడు లేకుండా డిస్టోపియా నడపడం చిన్న విషయం కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. షిరాహా వాగుడు ఒక దశ దాటాక విసుగే, తగ్గించాల్సింది. కెయికో గొంతులో తడి ఉండదు, చిన్నప్పుడు పార్కులో చచ్చిపడిన పిట్టని చూసి పిల్లలంతా ఏడుస్తుంటే కాల్చుకుని తిందామన్న మనిషి మరి. అలాంటి గొంతుతో నూట చిల్లర పేజీలు గడపడం మీవల్ల కాదనిపిస్తే స్టెప్‌ఫర్డ్‌తో మొదలుపెట్టండి, కథ పరుగెత్తాలనుకునేవాళ్లకీ అదే మంచిది. ఇంట్లో ఇప్పటికే పెళ్లి గొడవతో టెన్షన్ నడుస్తున్నవాళ్లు మాత్రం కచ్చితంగా మురాతానే తీసుకోవాలి, గిలియడ్ జోలికి ఇప్పుడు పోకండి.

ఇక మిగతావి. ఒంటరివాళ్లని హోటల్లో పెట్టి, 45 రోజుల్లో జోడీ దొరక్కపోతే జంతువులుగా మార్చేసే 'ద లాబ్‌స్టర్' గురించి కూడా అడుగుతుంటారు, ఆలోచన మీరడిగినదానికి అతికినట్టు సరిపోతుంది కానీ అది 2015లో వచ్చిన సినిమా, నవల కాదు. హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో వ్యవహారం తలకిందులు, అక్కడ పెళ్లి అన్నదే బూతు, కాబట్టి ఈ లిస్టులో దానికి పనిలేదు. మురాతా నచ్చితే తర్వాత ఆమెదే 'ఎర్త్‌లింగ్స్' ఉంది, లోకం మొత్తం పిల్లల్ని తయారుచేసే ఫ్యాక్టరీ అని నమ్మే ఒకావిడ ఆ ఫ్యాక్టరీ కళ్లుగప్పడానికి పేరుకి పెళ్లి చేసుకునే కథ. అందులో చిన్నపిల్ల మీద లైంగిక హింస ఉంది, ముందే తెలుసుకుని తెరవండి. చివరి భాగం మాత్రం భోజనం వేళకి దగ్గర్లో చదవొద్దు.