రాని ఓటీపీని ‘చెప్పాను’ అని సంతకం పెట్టించుకుంటున్నారు, ఫారం చదవకుండా పెన్ను పట్టుకోకండి

బెంగళూరులో ఉన్న మనవాళ్ళందరికీ. ముఖ్యంగా విదేశీ కోర్సులకో, సాఫ్ట్‌వేర్‌కో, ఫ్రీలాన్స్ పనికో పేపాల్ లాంటి ఆన్‌లైన్ పేమెంట్ అకౌంట్ తెరిచి దానికి డెబిట్ కార్డు తగిలించి పెట్టుకున్నవాళ్ళకి.

శనివారం రాత్రి అలాంటి అకౌంట్‌కి తగిలించిన మా తమ్ముడి కార్డు మీద నాలుగు డెబిట్లు పడ్డాయి. మొదట 89 రూపాయలు, ఆ వెనకే మూడుసార్లు 15,594. మొత్తం 46,871. ఒక్కదానికీ ఓటీపీ రాలేదు. 11:40కి మొదటి మెసేజ్, 11:52కి కార్డు బ్లాక్, 11:58కి బ్యాంకు ఫిర్యాదు నంబరు చేతికొచ్చింది. అక్కడిదాకా జరగాల్సినట్టే జరిగింది. కడుపు మండిపోయింది ఇవాళ పొద్దున బ్రాంచిలో.

కౌంటర్‌లో ఆయన డిస్ప్యూట్ ఫారం (ఈ డెబిట్లు మావి కావని రాసిచ్చే కాగితం) తీసి పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం అన్నీ తనే నింపాడు. ఎంత సాయం చేస్తున్నాడో అనుకున్నాం. కాగితం ఇటు తిప్పి సంతకం చోట వేలు పెట్టాడు. దానికి రెండు వరసల పైన ‘ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పారా’ అన్న ప్రశ్న. ‘అవును’ గడిలో అప్పటికే నీలం ఇంకుతో టిక్కు పడి ఉంది. ఆ ప్రశ్న మమ్మల్ని అడగనే లేదు. ఇదేంటండీ అంటే, ‘ఓటీపీ చెప్పకుండా డబ్బు ఎలా పోతుంది సార్? వచ్చినవాళ్ళందరూ ఇదే మాట అంటారు. ఫార్మాలిటీ అంతే, సైన్ మాడి’ అన్నాడు. ఫోన్‌లో మెసేజ్‌లు చూపిస్తే తల కూడా ఎత్తలేదు. వేరే ఫారం ఇవ్వండి అంటే ‘ఆగల్ల (కుదరదు) సార్, ఎఫ్ఐఆర్ తీసుకుని రండి’ అన్నాడు. వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు మావాణ్ణి ఏదో దొంగలెక్క చెప్పడానికి వచ్చినవాడిలా చూశారు. డబ్బు పోగొట్టుకున్నవాడికి ఈ మర్యాదా!

ఆ టిక్కు విలువ ఎంతో తెలిస్తే మీకూ ఒళ్ళు మండుతుంది. 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మెసేజ్ అందిన 3 పనిదినాల్లోపు చెప్పినవాళ్ళకి నష్టం సున్నా. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి ఒక్కో లావాదేవీకి మన మీద పడేది ఎక్కువలో ఎక్కువ 10,000. ఏడు దాటితే బ్యాంకు సొంత పాలసీ. అదే ‘నేనే ఓటీపీ చెప్పాను’ అని ఒప్పుకున్నామా, అది మన అజాగ్రత్త కింద లెక్క. మనం ఫిర్యాదు చేసిన క్షణం వరకు పోయిన ప్రతి రూపాయీ మనదే. మావాడి విషయంలో నాలుగు డెబిట్లూ ఫిర్యాదుకి ముందే పడ్డాయి. అంటే సున్నా నష్టం కాస్తా మొత్తం 46,871 నష్టం అయ్యేది, చిన్న గడిలో పడిన ఒక్క గీతతో. తప్పు మనదని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది అని అదే సర్క్యులర్‌లో రాసి ఉంది. ఆ రుజువేదో మన చేతే రాయించుకుంటే వాళ్ళ పని అయిపోయినట్టే కదా.

ఓటీపీ లేకుండా ఎలా పోతుందంటే, మన దేశంలోని సైట్లలోనే ఓటీపీ అనే ఆ రెండో తాళం తప్పనిసరిగా పడుతూ వచ్చింది. విదేశీ సైట్లు చాలావాటిలో కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు. పేమెంట్ అకౌంట్‌లో కార్డు ముందే దాచి ఉంటే అవి కూడా అక్కర్లేదు, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఒక్కటి దొరికితే సరి. మొదటి 89 రూపాయలు కార్డు బతికుందో లేదో చూసుకోవడానికి వేసే చిల్లర. అది కనబడగానే కార్డు ఆపేస్తే పెద్దవి ఆగుతాయి. మేము ‘ఏదో సబ్‌స్క్రిప్షన్ అయ్యుంటుందిలే’ అని వదిలేశాం. పైగా ఎప్పుడో ఒక కోర్సు కొనడానికి కార్డుకి విదేశీ చెల్లింపులు అనుమతించే ఇంటర్నేషనల్ స్విచ్ యాప్‌లో ఆన్ చేసి మళ్ళీ ఆఫ్ చేయలేదు. ఆ రెండూ మా తప్పులే, ఒప్పుకుంటాం. ఓటీపీ చెప్పామన్నది మాత్రం అబద్ధం. దాని కింద సంతకం పెట్టం.

ఇక చేయాల్సింది. ముందు బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేసి, డెబిట్ మెసేజ్ చివర్న ఉండే ‘మీరు కాకపోతే’ అన్న నంబరుకి గానీ కార్డు వెనక ముద్రించిన నంబరుకి గానీ ఫోన్ చేయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు, అక్కడ కాచుకు కూర్చున్న దొంగలు వేరే. ఫిర్యాదు నంబరు, సమయం రాసుకుని వెంటనే అదే సంగతి మెయిల్‌లో కూడా పంపండి. ఒక్కో డెబిట్‌కి తేదీ, సమయం, మొత్తం, రిఫరెన్స్ నంబరు, ‘ఓటీపీ రాలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు’ అన్న వాక్యం ఉండాలి. కౌంటర్‌లో ఎవరేమన్నా రేపు నిలబడేది ఆ మెయిలే.

పేమెంట్ అకౌంట్ వైపు పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే సరిపోదు. దొంగ లోపలికి వచ్చినప్పుడే ఏదో ఒక సైట్‌కి ఆటోమేటిక్ పేమెంట్ అనుమతి ఇచ్చి పోయుంటే, పాస్‌వర్డ్ మారినా అది నడుస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ పేమెంట్స్ తెరిచి తెలియనివన్నీ రద్దు చేయండి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టండి, డెలివరీ చిరునామా ఏదైనా కొత్తది చేరిందేమో చూడండి. తర్వాత మెయిల్ తెరిచి ఫిల్టర్లు చూడండి. పేమెంట్ కంపెనీ నుంచి వచ్చే మెయిల్స్ నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఫిల్టర్ పెట్టడం వీళ్ళకి మామూలే. మావాడి మెయిల్‌లో అలాంటిది ఒకటి దొరికింది. అంటే మెయిల్ పాస్‌వర్డ్ కూడా పోయినట్టే. ముందు దాన్ని మార్చాకే మిగతావి మార్చాలి, లేకపోతే కొత్త పాస్‌వర్డ్ లింకు కూడా వాడికే చేరుతుంది.

బ్యాంకువాళ్ళు ‘ఆ కంపెనీనే అడగండి’ అంటారు, కంపెనీవాళ్ళు ‘మీ బ్యాంకునే అడగండి’ అంటారు. రెండుచోట్లా రాతపూర్వకంగా పెట్టండి. బ్యాంకు దగ్గర ‘చార్జ్‌బ్యాక్’ అన్న మాట వాడండి. కార్డు డబ్బు వెనక్కి లాగే దారి అదే, దానికి వీసా, మాస్టర్‌కార్డ్ పెట్టుకున్న గడువు సాధారణంగా 120 రోజులు. దాంతోపాటు అదే ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం బ్యాంకు మనం చెప్పిన నాటినుంచి 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. దాన్ని షాడో రివర్సల్ అంటారు. ఫిర్యాదు తేల్చడానికి గరిష్ఠంగా 90 రోజులు. మా లెక్క శనివారం రాత్రి 11:58 నుంచి మొదలవుతుంది, వాళ్ళ ఫారం మీద ముద్ర పడిన రోజు నుంచి కాదు.

ఎఫ్ఐఆర్ తెస్తేనే ఫిర్యాదు తీసుకుంటామన్న షరతు ఆ సర్క్యులర్‌లో లేదు. అయినా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడం మానొద్దు. ఆ రసీదు నంబరు మన మాటకి బలం. యూపీఐలోనో, ఖాతా నుంచి ఖాతాకో పోయిన డబ్బయితే 1930 మరీ ముఖ్యం. అది అవతలి ఖాతాలో ఉండగానే ఆపించొచ్చు, గంట గడిస్తే నాలుగు ఖాతాలు మారిపోతుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు, ఖాతా నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి. బెంగళూరులో కాగితం ఇవ్వాల్సి వస్తే మీ డివిజన్‌లో సైబర్ నేరాలు చూసే సెన్ (CEN) పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు అన్యాయంగా ఉన్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు ఏమీ లేదు. సమాచారానికి 14448. అక్కడికి వెళ్ళాక మొదట తీసేది మనం సంతకం పెట్టిన ఆ ఫారమే.

ఇప్పటికిప్పుడు ఒక్క పని చేయండి, బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరిచి ఇంటర్నేషనల్ ఆఫ్ చేయండి. అవసరం పడ్డరోజు ఆన్ చేసి, కొనడం అయిన వెంటనే ఆపేయండి. సేవింగ్స్ ఖాతా కార్డుని అలాంటి అకౌంట్‌కి తగిలించకండి, తక్కువ లిమిట్ ఉన్న వేరే కార్డు వాడండి. బ్రాంచిలో ఏ ఫారమైనా ఖాళీది అడిగి తీసుకుని మీ చేత్తో మీరే నింపండి, ఇచ్చేముందు ఫోటో తీసుకోండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. మేము ‘అవును’ గడిలో టిక్కు మీద అడ్డగీత గీసి ‘లేదు’ గడిలో టిక్కు పెట్టి, పక్కన పొట్టి సంతకం చేసి ఇచ్చాం. ఆయన తీసుకోనన్నాడు. ఆ కాగితాన్నే ఫోటో తీసి, మధ్యాహ్నం బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ చేశాం.