ఫోర్-హెచ్ ప్రాజెక్ట్ లీడరా, కబ్ స్కౌట్స్ డెన్ లీడరా: మనకు ఏది మేలు?

అమెరికాలో మన తెలుగువాళ్లం చాలామందిమి పిల్లల్ని ఫోర్-హెచ్ (ప్రాజెక్టులు చేస్తూ నేర్చుకునే పిల్లల క్లబ్బు), కబ్ స్కౌట్స్ (స్కౌట్స్‌లో చిన్నపిల్లల విభాగం) లాంటి వాటి దగ్గర దింపేసి, గంట తర్వాత వచ్చి ఎక్కించుకుని వెళ్తాం. లోపలేమో లీడర్లు చాలక అవస్థ పడుతుంటారు. వాలంటీర్‌గా దిగాలనుంటే నా మాట ఇది: మీకు బాగా వచ్చిన పని ఒకటుండి, టైమ్ తక్కువైతే ఫోర్-హెచ్. పిల్లలు ఐదో తరగతిలోపు ఉండి, వారం వారం ఒక సాయంత్రం ఇవ్వగలిగితే కబ్ స్కౌట్స్.

ఫోర్-హెచ్‌ని యూనివర్సిటీలు కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుల (స్థానికులకు పనికొచ్చే విషయాలు నేర్పే తమ శాఖల) ద్వారా నడుపుతాయి. 1902లో ఒహాయోలో పల్లె పిల్లల కోసం మొదలైంది కాబట్టి అంతా ఆవులూ మేకలే అనుకుంటారు గానీ రోబోటిక్స్, కుట్టుపని, వంట, ఫొటోగ్రఫీ అన్నీ ఉంటాయి. ప్రాజెక్ట్ లీడర్ అయితే క్లబ్బు మొత్తం నెత్తిన వేసుకోనక్కర్లేదు, మీకొచ్చింది నేర్పితే చాలు. పెరట్లో గోంగూర, ఆనపకాయలు పండించేవాళ్లు విత్తనం నాటడం దగ్గర్నుంచి కౌంటీ ఫెయిర్‌లో కాయను ప్రదర్శనకి పెట్టేదాకా పిల్లల వెంట ఉండొచ్చు.

అక్కడి మీటింగులు నాకు భలే ఇష్టం. పన్నెండేళ్ల పిల్ల ప్రెసిడెంట్‌గా నిలబడి మీటింగ్ మొదలుపెడుతుంది, ఇంకో పిల్లాడు కిందటిసారి మినిట్స్ చదువుతాడు, ఫీల్డ్ ట్రిప్ ఎక్కడికో చేతులెత్తి ఓటేస్తారు, పెద్దవాళ్లు వెనక కూర్చుంటారు. ఆ పిల్ల తడబడినప్పుడు మనం మాట అందించకుండా ఆగడమే అసలు కష్టం, ముఖ్యంగా మనలాంటి తల్లిదండ్రులకి.

కబ్ స్కౌట్స్‌లో అలా వెనక కూర్చోవడం కుదరదు. చిన్నపిల్లలు కదా, ఆటలు, ముడులు, హైకింగ్, ప్లాన్ అంతా డెన్ (కొద్దిమంది పిల్లల బృందం) లీడర్ మీదే. 21 ఏళ్లు నిండాలి, ఏ కార్యక్రమానికైనా కనీసం ఇద్దరు రిజిస్టర్డ్ పెద్దలుండాలి, అందుకే ముందే ఒక తోడు చూసుకోండి. చాలాచోట్ల పాప్‌కార్న్ అమ్మకాలు కూడా ఉంటాయి. పని ఎక్కువే, కానీ పిల్లలు దగ్గరయ్యేది ఇక్కడే. పైగా దారి ముందే వేసి ఉంటుంది: తర్వాత ట్రూప్ (పెద్ద పిల్లల స్కౌట్ బృందం), కష్టపడితే 18 ఏళ్లలోపు 21 మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో విషయం నేర్చుకున్నందుకు ఒకటి), ఒక సేవా ప్రాజెక్టుతో ఈగిల్ స్కౌట్ అనే అన్నిటికన్నా పెద్ద ర్యాంకు. 2019 నుంచి ఆడపిల్లలకీ ఆ దారి ఉంది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల రక్షణ ట్రైనింగ్ రెండుచోట్లా తప్పవు, వాటికి టెన్షన్ పడొద్దు. మీ పిల్లల కాలేజీ అప్లికేషన్ కోసమే అయితే మాత్రం దయచేసి దిగొద్దు, సగంలో వదిలేస్తే ఆ పిల్లలకు లీడర్ ఉండరు. ఇంకా తేలకపోతే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఏ ప్రాజెక్టుకి లీడర్ లేరో అడగండి.