బర్మా దా, మిలిటరీ మచ్చుకత్తి: పాత కత్తి దొరికితే ఏదో ఎలా తెలుస్తుంది, ఏది మేలు?

మా అటక మీద ఒక పొడుగు కత్తి ఉండేది, చినతాత రంగూన్‌లో బాంబులు పడ్డాక 1942లో నడిచొచ్చేసేటప్పుడు తెచ్చాడని, బర్మా వాళ్ళ కత్తని, అంటే దా అని, చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. మొన్న కొబ్బరినూనె రాసి తుప్పు తుడిస్తే పిడి దగ్గర యూఎస్ అని, పక్కన 1944 అని ముద్ర బయటపడింది. ఇంకేం చెప్తాం! యుద్ధం అయ్యాక అమెరికన్ మిలిటరీ సరుకు ఇక్కడ అమ్మేశారుగా, అందులో కొనుంటాడు.

అందరూ అలుగు చూస్తారు గానీ నేనైతే ముందు పిడి చూడమంటా. అమెరికా 1942 మోడల్ మచ్చుకత్తికి అలుగు 18 అంగుళాలు, పిడికి అటూఇటూ ప్లాస్టిక్ బద్దలు పెట్టి రివెట్లు కొట్టేస్తారు, మందం కూడా మొదట్నుంచీ చివరిదాకా ఇంచుమించు ఒకటే, రేకులోంచి కోసినట్టే ఉంటుంది. బ్రిటిష్‌దైతే కోడికాలు అచ్చు పడ్డట్టు బాణం గుర్తు కొడతారు.

బర్మా దా చేతిలోకి తీసుకుంటే ఆ తేడా వేరు. పిడి గుండ్రంగా పొడుగ్గా రోకలిలా ఉంటుంది, రెండు చేతులూ పడతాయి, చేతికి అడ్డు పెద్దగా ఏమీ ఉండదు, రివెట్ కూడా కనపడదు, ఎందుకంటే అలుగు తోకని పిడిలో గుచ్చి లక్కలాంటి దాంతో బిగిస్తారు, అది ఎండిపోతే ఊపినప్పుడు లోపల కటకటమంటుంది. వీపు మందంగా మొదలై మొనకి వెళ్ళేకొద్దీ పలచబడుతుంది, ఒర ఏమో రెండు చెక్కలు కలిపి బెత్తం చుట్టింది. థాయ్‌లాండ్‌లో దీన్నే దాబ్ అంటారు.

క్లేవాంగ్ అనే ఇండోనేషియా కత్తి దగ్గర మాత్రం జాగ్రత్త. పేరు అక్కడి దీవులదే, కానీ చెయ్యి కప్పే ఇనుప గిన్నె ఉంటే అది సుమత్రా దీవిలోని అచే యుద్ధంలో డచ్ వాళ్ళు వాడిన 1898 మోడల్ రకం ఫ్యాక్టరీ సరుకు, అమెరికన్ నేవీ వాళ్ళ 1917 కట్లాస్ అనే పొట్టి కత్తి కూడా దాన్ని చూసి చేసిందే.

మరి ఏది మేలంటే, కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి మచ్చుకత్తే, సంవత్సరం దాని ఒంటి మీదే రాసుంటుంది కాబట్టి. నా మనసు మాత్రం దా మీదే, కాకపోతే టూరిస్టులకి అమ్మే రకం కూడా ఉంటుంది, పలచటి రేకు తగిలిందంటే వదిలేయండి. ఏదైనా సరే ఎమెరీ పేపర్ పెట్టి రుద్దకండి బాబూ, ముద్రలు పోతాయి.

మా నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు, అది సంవత్సరం కాదురా, నంబరు అంటాడు.