మూడు తెరలా, ఒక్క 4కె తెరా? కార్డు సంగతి ఆ తర్వాత

మా బావమరిది పాలకొల్లులో ఉంటాడు. మొన్న సంక్రాంతికి భీమవరం వచ్చి ఫోనులో ఒక ఫొటో చూపించాడు. బల్ల మీద స్టీరింగు, దాని ముందు వరసగా మూడు మోనిటర్లు. యూరో ట్రక్ సిమ్యులేటర్ ఆట. ఎడమ తెరలో లారీ పక్క అద్దం, కుడి తెరలో రోడ్డు వార చెట్లు. "బావా, దీనికి ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలో చెప్పు" అన్నాడు. ముందు తెర తేల్చుకోరా, కార్డు దానంతటదే తేలుతుందన్నాను. వాడికి ఆ మాట నచ్చలేదు. కార్డు డబ్బా ముందు చూడాలని వాడి సరదా.

కాగితం మీద లెక్క వేస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకు 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20.7 లక్షల చుక్కలు (పిక్సెళ్లు). 1440పి తెరకు 36.9 లక్షలు. 34 అంగుళాల అల్ట్రావైడ్, అంటే బాగా వెడల్పాటి 3440 బై 1440 తెరకు 49.5 లక్షలు. ఫుల్ హెచ్‌డీ తెరలు మూడు కలిపితే 62.2 లక్షలు. ఒక్క 4కె తెరకే 82.9 లక్షలు. 1440పి తెరలు మూడు పెడితే కోటీ పది లక్షలు దాటిపోతుంది. వీటన్నిటికీ కార్డు సెకనుకు 60 సార్లో, 120 సార్లో రంగు వేయాలి.

అంటే ఫుల్ హెచ్‌డీ తెరలు మూడూ కలిసి కూడా ఒక్క 4కె అంత బరువు కావు. 1440పి మూడు పెడితే మాత్రం 4కె కన్నా మూడో వంతు ఎక్కువ. "మూడు తెరలకు పెద్ద కార్డు కావాలంట కదా" అని అడిగేవాళ్లు ఏ మూడు తెరలో ముందు చెప్పాలి. ఇంకోటి, మూడు తెరలు పెడితే పక్కల కనిపించే ఇళ్లు, వాహనాలు కూడా గీయాలి కాబట్టి ప్రాసెసర్‌కూ పని పెరుగుతుంది. చుక్కల లెక్కలో అది కనపడదు.

ఆటల సంగతి చూస్తే లారీ, కారు, విమానం నడిపే ఆటలకు మూడు తెరలే అసలు మజా. మలుపు తిరిగేటప్పుడు తల తిప్పి పక్కకు చూడొచ్చు. మిగతావాటికి అంత లాభం లేదు. ఎల్డెన్ రింగ్ లాంటి ఆట ఎంత వెడల్పు తెర ఇచ్చినా 16:9లోనే, అంటే మామూలు తెర కొలతలోనే ఆడుతుంది, పక్కలు నల్లగా ఉండిపోతాయి. కథ ఉన్న ఆటలు, ఊళ్లూ కొండలూ చూస్తూ తిరిగే ఆటలు 4కెలో బాగుంటాయి, గడ్డిపరక కూడా విడిగా కనిపిస్తుంది. రెండూ కొంచెం కొంచెం కావాలనుకునేవాళ్లకు అల్ట్రావైడ్. మధ్యలో అంచుల గీతలుండవు, కార్డుకు 4కె కన్నా బాగా తేలిక. 2025 సెప్టెంబరు దాకా 32 అంగుళాలు దాటిన మోనిటర్‌కు జీఎస్టీ 28 శాతం ఉండేది, ఇప్పుడు 18 అయింది. 34 అంగుళాల వాటి మీద మోజు పెరగడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను.

ఇక కార్డులు. నా తూకం మూడింటి మధ్యే, మూడూ 2025లో వచ్చినవే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070, ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070 టీఐ. విడుదలప్పుడు అమెరికాలో చెప్పిన ధరలు వరసగా 549, 599, 749 డాలర్లు. వీటిని రూపాయల్లోకి మార్చుకుని కంప్యూటర్ సామాను అమ్మే సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తే కౌంటరు దగ్గర నవ్వుతారు. ఏ వారం ధర ఆ వారానిదే. కార్డుకూ కార్డుకూ మధ్య తేడా ఎంతుందో అది చూసుకోండి.

5070కి మెమరీ 12 జీబీ. మిగతా రెంటికీ 16. నా మట్టుకు సగం తీర్పు ఇక్కడే అయిపోయింది. 4కెలో రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టడం), టెక్స్చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) అన్నీ పైకి పెట్టి, దాని మీద ఫ్రేమ్ జనరేషన్ (మధ్య బొమ్మలను కార్డే ఊహించి వేయడం) కూడా వేస్తే కొన్ని ఆటలకు 12 జీబీ చాలదు. చాలకపోతే కార్డు సిస్టమ్ ర్యామ్ దగ్గరికి పరుగెత్తాలి, అది దూరం. మీకు కనిపించేది ఏమిటంటే ఆట నున్నగా పోతూ పోతూ గతుకులో పడ్డ ఆటోలా ఒక్క కుదుపు, మళ్లీ మామూలు, మళ్లీ కుదుపు. సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పే సగటు ఫ్రేముల అంకె చూస్తే బాగానే ఉంటుంది, ఆడేవాడికే తెలుస్తుంది బాధ.

మెమరీ దారి వెడల్పు 5070కి 192 బిట్లు, 9070 ఎక్స్‌టీకి 256. అయినా నీళ్లు పారేది ఇంచుమించు సమానమే. 5070ది చిన్న తూమే గానీ కొత్తరకం జీడీడీఆర్7 మెమరీ కాబట్టి ఒరవడి ఎక్కువ, రెండోది పెద్ద తూము, పాతరకం జీడీడీఆర్6. 5070 టీఐకి పెద్ద తూమూ ఉంది, ఒరవడీ ఉంది. అందుకే అది ఖరీదు.

మామూలు ఆటల్లో 9070 ఎక్స్‌టీ, 5070 టీఐ పక్కపక్కనే నడుస్తాయి. రే ట్రేసింగ్ గట్టిగా వాడే ఆటల్లో టీఐ ముందుకు పోతుంది. తక్కువ చుక్కలు గీసి పెద్దగా చూపించే ఎన్విడియా వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ ఎక్కువ ఆటల్లో ఉంది. అదే పని చేసే ఏఎండీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్ 4 వచ్చాక బొమ్మ నాణ్యతలో పాత తేడా చాలా తగ్గింది గానీ, మీరు ఆడే ఆటలో ఉందో లేదో చూసుకోవాలి. ఈ రెండు కార్డుల ధరలో తేడా పది పన్నెండు వేలలోపు ఉంటే టీఐ తీసుకుంటాను. అంతకు మించితే 9070 ఎక్స్‌టీయే, మిగిలిన డబ్బు తెరల మీద పెడతాను. 1440పి అల్ట్రావైడ్‌తో సరిపెట్టుకునేవాడికి 5070 కూడా చెడ్డదేం కాదు, కరెంటూ తక్కువ తింటుంది.

కరెంటు అన్నాను కదా, మన వైపు కార్డు కొనడమంటే సగం ఇదే. 5070 గరిష్ఠంగా 250 వాట్లు, 5070 టీఐ 300, 9070 ఎక్స్‌టీ 304. పవర్ సప్లై మొదటిదానికి 650 వాట్లదీ, మిగతా రెంటికీ 750 వాట్లదీ పెట్టమని కంపెనీలే చెబుతాయి. చీకటి పడ్డాక చేపలు, రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరగడం మొదలైతే మా వీధిలో లైట్లు కాస్త మందగిస్తాయి. కరెంటు పోవడం సరేసరి.

నా పాత సిస్టమ్‌కు 600 వీఏ యూపీఎస్ ఉండేది. "ఇది చాలండీ" అని షాపతను ఇచ్చాడు. కొత్త కార్డు వేశాక ఒక రాత్రి రేసు మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని ఒక్క అరుపు అరిచి అదీ ఆగిపోయింది. వెనక స్టిక్కరు మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లని ఉంది, అప్పుడు చూశాను. వీఏ వేరు, వాట్లు వేరు. 300 వాట్ల కార్డు, ప్రాసెసర్, మూడు మోనిటర్లు కలిపితే ఆటలో 500 దాకా పోతుంది. కాబట్టి వెనక వాట్లు చదివి, 600కి పైన ఉన్నదే కొనండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి, లేకపోతే మారే ఆ క్షణంలో సిస్టమ్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది.

మే నెల ఉక్కపోతలో ఏసీ లేని గదిలో 300 వాట్ల కార్డంటే పక్కన చిన్న హీటరు పెట్టుకున్నట్టే. ఫ్రేములను 60కో, 90కో కట్టడి చేసి, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ కొంచెం దించితే వేగం పెద్దగా పోదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి కూడా ఉంటుంది. కేబినెట్ కిటికీ పక్కన పెట్టకండి.

తెరల వైర్ల మాట కూడా. ఈ కార్డులకు మామూలుగా మూడు డిస్‌ప్లే‌పోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. మూడు తెరలూ ఒకే మోడల్ అయితే కలిపి ఒకే పెద్ద తెరగా చేసుకోవడం సులువు. ఎన్విడియాలో దాని పేరు సరౌండ్, ఏఎండీలో ఐఫినిటీ. ఇంట్లో ఉన్న పాతదొకటి, కొత్తవి రెండు కలిపితే రంగులు, ఎత్తులు కుదరక తలనొప్పి.

ఇదంతా విని బావమరిది మూడు 27 అంగుళాల 1440పి తెరలు, 9070 ఎక్స్‌టీ అని ఖాయం చేసుకుని వెళ్లాడు. మర్నాడు ఫోను. టేపు పెట్టి కొలిచాడట. ఒక్కో తెర రెండడుగులు, మూడు వరసగా పెడితే ఆరడుగులు. కాస్త వంచి పెట్టినా, వాళ్లమ్మ బీరువాకీ మంచానికీ మధ్య మిగిలింది నాలుగున్నర అడుగులే. "బీరువా జరపనంటోంది బావా" అన్నాడు. 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎంత వెడల్పుంటుందని అడిగాడు. రెండడుగుల ఎనిమిది అంగుళాలని చెప్పాను.