జాగ్రత్త: తారు రోడ్డు మీద మాత్రమే సాయం అందించే కంకరదారి యాత్ర

ఇటలీలోని టస్కనీలో గ్రావెల్ (అంటే కంకరదారి) సైకిలు యాత్రకు డబ్బు కట్టబోతున్న వారు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నిన్న రాత్రే అక్కడి సియెనా నగరం నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు తిరిగి వచ్చాను. కోపం చల్లారితే పోనీలే అనుకుని ఊరుకునే స్వభావం నాది కనుక చల్లారక ముందే రాసేస్తున్నాను. ఆ యాత్రలు అమ్మేవారి పేరు ఇక్కడ రాయను. సైప్రస్ చెట్ల వరుస, మధ్య మెలికలు తిరిగే తెల్లటి దారి, మూలన ఒక వైన్ గ్లాసు ఉన్న ప్రకటన నెల రోజులుగా మీ ఫోనులోనూ వస్తూనే ఉండి ఉంటుంది, వారే వీరు.

మనిషికి 790 యూరోలు. నాలుగు రోజుల సైకిలు అద్దె, నాలుగు దారుల జీపీఎక్స్ ఫైళ్లు (ఎటు తిరగాలో ఫోనులో చూపించేవి), సామాను ఒక బస నుంచి మరో బసకు చేర్చడం, దారిలో ఏదైనా జరిగితే సాయం, అన్నీ అందులోనే అన్నారు. సైకిలుకు పూచీగా మరో 300 యూరోలు కార్డు మీద పట్టి ఉంచారు. హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చిన మా బామ్మర్దిని కూడా నేనే బలవంతంగా ఒప్పించాను.

సైకిళ్లు చేతికిచ్చిన రోజే కళ్లు తెరవవలసింది. ప్రకటనలో 40 మిల్లీమీటర్ల టైర్లన్నారు. నాకు ఇచ్చిన సైకిలుకు ఉన్నవి 32, వాటి మీద గరుకు కూడా అంతంత మాత్రమే. టైరుకూ ఫ్రేముకూ మధ్య చిటికెన వేలు కూడా దూరదు. "బావగారూ, ఇది మట్టిదారి సైకిలులా లేదు, ఒకసారి అడగండి" అని బామ్మర్ది మెల్లగా అన్నాడు. "నువ్వూరుకోరా, వాళ్ల ఊరి దారులు వాళ్లకు తెలియవా?" అన్నది నేనే. ఆ తెల్ల కంకరదారుల మీదే జరిగే స్త్రాదే బియాంకే సైకిలు పందెంలో పెద్ద పెద్ద రేసర్లు వాడేది కూడా ఈ సన్న టైర్లేనని కౌంటరులోని మనిషి చెబితే గంగిరెద్దులా తలాడించాను. అతను చెప్పింది అబద్ధం కాదు. అయితే ఆ రేసర్ల వెనుక మారుచక్రాలు పట్టుకుని కార్లు వస్తాయి, నా వెనుక వచ్చేది మా బామ్మర్ది ఒక్కడే.

మొదటి రోజు గాయోలే అనే ఊరి నుంచి బ్రోలియో కోట వైపు ఎక్కుతుండగా ఇంకో సంగతి బయటపడింది. మలుపు మలుపుకూ ముదురు గోధుమరంగు పలకలున్నాయి. మేము డబ్బు పోసి కొన్న ఫైలు ఎటు తిరగమంటే ఆ పలకలూ అటే తిరగమంటున్నాయి. 1997లో పాతకాలపు సైకిళ్లతో మొదలైన ఎరోయికా అనే ఉత్సవం ఉంది కదా, దాని 209 కిలోమీటర్ల శాశ్వత మార్గం అది. ఏడాది పొడవునా ఎవరైనా తొక్కవచ్చు, దారి ఫైలు ఉచితంగానే దొరుకుతుంది. "స్థానిక నిపుణులు ఏళ్ల తరబడి వెతికి కనిపెట్టిన రహస్య మార్గాలు" అని మాకు అమ్మినవాటిలో మొదటి మూడు రోజుల దారులు దానినే ముక్కలు కోసినవి. ఆ సాయంత్రం నవ్వుకున్నాము కూడా. పోయింది డబ్బే కదా, దారి మాత్రం నిజంగా అందంగా ఉందని సరిపెట్టుకున్నాము.

అసలు సంగతి శనివారం జరిగింది. శుక్రవారం రాత్రంతా వాన కురిసింది. ఆ రోజు మేము తొక్కవలసినది అషానో అనే ఊరి దగ్గరి మోంతే సాంతే మరీయే దారి. స్త్రాదే బియాంకేను 2008, 2012, 2016లలో మూడుసార్లు గెలిచిన స్విట్జర్లాండ్ రేసరు కాంచెల్లారా పేరు పెట్టిన, పదకొండున్నర కిలోమీటర్ల తెల్లదారి అది. క్రేతే సెనేసీ అని పిలిచే ఆ ప్రాంతమంతా బూడిదరంగు బంకమట్టి గుట్టలు. ఎండలో పిండిలా లేచే ఆ మట్టి తడిస్తే ఏమవుతుందో నల్లరేగడి నేలల్లో పెరిగిన నాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఇంత వానలో ఈ దారి వద్దు, తారు రోడ్డున పొండి అని పొద్దున్నే ఒక్క సందేశం పంపవలసిన బాధ్యత మాత్రం అమ్మినవారిదే. సందేశం రాకపోతే దారి బాగానే ఉందనుకున్న మహానుభావుణ్ణి నేను.

ఐదు కిలోమీటర్లు లోపలికి వెళ్లాక, కంకర కొట్టుకుపోయిన ఒక పల్లంలో మట్టి పట్టుకుంది. ముందు టైరుకు రొట్టెపిండిలా అంటుకుంది, తరువాత ఫ్రేముకూ చక్రానికీ మధ్య గట్టిగా దిగిపోయింది. బామ్మర్ది వెంటనే దిగి, సైకిలు భుజానికెత్తుకుని గడ్డి అంచున నడిచాడు. నేను దిగలేదు. ఇంకాస్త బలంగా తొక్కితే తిరుగుతుందిలే అనుకుని పెడలు మీద లేచి నిలబడ్డాను. టప్పున ఒక చప్పుడు వచ్చింది. వెనుక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరిగి, డిరైలర్ గొలుసుకు వేలాడుతూ పోయి చువ్వల్లో ఇరుక్కుంది. హ్యాంగర్ అంటే రెండు వేళ్లంత అల్యూమినియం ముక్క. ఫ్రేము విరగకుండా తాను విరగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఒక ఫ్రేముది ఇంకో ఫ్రేముకు సరిపోదు కనుక కంకరదారులకు సైకిలు అద్దెకిచ్చేవారు ఒక మారుముక్క సంచిలో వేసి ఇస్తారు. మా సంచిలో ఒక ట్యూబు, పంపు, వారి వైన్ రుచుల కార్యక్రమానికి పది శాతం తగ్గింపు కాగితం ఉన్నాయి.

బస గది ఇనప తాళంచెవితో చక్రం మధ్య మట్టిని గీకుతూనే ఫోను చేశాను. ఈ సంభాషణ మాత్రం నేను చచ్చేదాకా మరచిపోను. విషయమంతా విన్నాక ఆ మనిషి అడిగిన మొదటి ప్రశ్న, "మీరిప్పుడు తారు రోడ్డు మీద ఉన్నారా?"

"లేదండీ, మీరు పంపిన దారి మీద ఉన్నాను."

"అయితే క్షమించాలి. మా సాయం వాహనం తారు రోడ్ల మీదికి మాత్రమే వస్తుంది. ఒప్పందంలో పద్నాలుగో నిబంధన చూడండి."

నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. మీరు అమ్మినదే కంకరదారి యాత్ర కదా, కంకర మీద సైకిలు చెడితే రానివారు ఇంకెక్కడికి వస్తారు అన్నాను. అప్పుడు ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, చిన్నపిల్లవాడికి నచ్చజెప్పేటప్పుడు నవ్వే నవ్వు. "ఇది సాహసయాత్ర సార్, సాహసం కోసమే కదా మీరు వచ్చింది?" అన్నాడు. ఎదురుగా గుట్ట మీద వేటగాళ్ల తుపాకులు పేలుతున్నాయి, బూట్లు చీలమండల దాకా మట్టిలో ఉన్నాయి, సంచిలో వైన్ తగ్గింపు కాగితం ఉంది. ఏమని జవాబు చెప్పను?

వచ్చిన దారినే సైకిలును సగం మోస్తూ, సగం ఈడుస్తూ అషానో చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. తారు రోడ్డు తగలగానే మళ్లీ ఫోను చేశాను. "అషానోలో రైల్వే స్టేషను ఉంది కదా సార్, సియెనాకు రైలుంది" అన్నాడు అదే మనిషి, అదే మర్యాదతో. రైలు టిక్కెట్లు, సైకిళ్లకు వేరే టిక్కెట్లు, అన్నీ మేమే కొనుక్కున్నాము. నాలుగో రోజు తొక్కడానికి సైకిలే లేదు. "నా సైకిలు తీసుకోండి బావగారూ" అన్నాడు పాపం బామ్మర్ది. ఆ మాటకు నాకు సిగ్గేసింది.

ఆదివారం సైకిలు అప్పగిస్తే 300లో 240 కోశారు. హ్యాంగర్‌కు, డిరైలర్‌కు పోగా, అందులో 45 యూరోలు "ప్రత్యేక శుభ్రత" కింద. కంకరదారిలో తొక్కిన సైకిలుకు మట్టి అంటుకుందని జరిమానా వేశారన్నమాట. పద్నాలుగో నిబంధన ఎక్కడుందని అడిగితే చూపించారు. ఇంగ్లీషు ప్రతి రెండు పేజీలు, ఇటాలియన్ ప్రతి తొమ్మిది పేజీలు. నేను చదివింది రెండు, సంతకం పెట్టింది తొమ్మిదింటికి. మా నాన్నగారు ముప్పై ఏళ్లు తెనాలిలో దస్తావేజు లేఖరిగా పనిచేశారు. ఈ ముక్క ఆయనకు ఇంకా చెప్పలేదు.

అక్కడికి వెళ్లదలచినవారు దారులకు డబ్బు పెట్టకండి, గోధుమరంగు పలకలు చాలు. సైకిలును టైరు కొలత చూసి, మారు హ్యాంగర్ చేతిలో పడ్డాకే తీసుకోండి, తీసుకునేటప్పుడు వీడియో తీయండి. వాన పడిన మర్నాడు క్రేతే వైపు వెళ్లకండి. శరదృతువులో వెళితే మంగళ, శుక్రవారాలు చూసుకోండి, ఇటలీ చట్టం ప్రకారం ఆ రెండు రోజులూ వేట నిషేధం. 240 యూరోల మీద నా కార్డు బ్యాంకుకు ఈ ఉదయమే ఫిర్యాదు పంపాను, ఏదో ఒక సంగతి తేలగానే ఇక్కడే రాస్తాను.