మట్టి పీహెచ్ టెస్ట్ కిట్: రాస్ప్‌బెర్రీకి ఎరువు వేసి వేసి విసిగాక కొన్నాను

రేటింగ్: 5కి 4

పెరట్లో మూడు రాస్ప్‌బెర్రీ మొక్కలున్నాయి. రెండో ఏడు వచ్చినా మోకాలెత్తు దాటలేదు. ఆకులు పసుపెక్కుతుంటే ఆకలేమో అనుకుని వర్మీకంపోస్టు వేశాను, ఆపైన యూరియా చల్లాను. పాపం, వాటి బాధ అది కాదు.

కిట్ కంటే ముందు మట్టిలో గుచ్చే మీటరు ఒకటి కొన్నాను. చెమ్మ, వెలుతురు, పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే అంకె; ఏడు మధ్యస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) మూడూ చూపిస్తుందట! ఒకే పాదులో పొద్దున ఏడు చూపించింది, నీళ్లు పోశాక ఆరు. దాని సంగతి ఇక వదిలేయండి.

ఈ కిట్‌లో ఒక గాజు గొట్టం, తెల్లపొడి, రంగుమందు సీసా, రంగుల కార్డు ఉంటాయి. గొట్టంలో కాస్త మట్టి, పొడి, డిస్టిల్డ్ వాటర్, నాలుగు చుక్కల మందు వేసి ఊపి పక్కన పెట్టాలి. మట్టి అడుగుకి దిగాక పైన తేరిన నీళ్లు ముదురాకుపచ్చగా కనిపించాయి. అంటే ఏడున్నర పైనే. రాస్ప్‌బెర్రీకి కావాల్సింది 5.5 నుంచి 6.5. అంతకు మించితే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అప్పుడు వెళ్లి మళ్లీ ఆకులు చూశాను. పసుపెక్కినవన్నీ చివరి లేతాకులే, ఈనెలు మాత్రం వల గీసినట్టు పచ్చగా ఉన్నాయి. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు పాలిపోతాయి. ఆ తేడా తెలియక అన్నాళ్లు యూరియా పోశాను.

గంధకం పొడి కలిపాను. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి కాబట్టి నెలలు పడుతుంది. ఈలోగా చీలేటెడ్ ఐరన్ (వేళ్లకు అందేలా ఇంకో పదార్థంతో కట్టిపెట్టిన ఇనుము) ఇచ్చాను, అదీ ఈడీడీహెచ్ఏ రకం. క్షార నేలలో ఈడీటీఏ రకం అంతగా పనిచేయదు. రెండు మొక్కలు తేరుకుని కొత్త పిలకలు వేశాయి.

మూడోది తేరుకోలేదు. పెకలిస్తే వేళ్లు గోధుమరంగుకి తిరిగి, పట్టి లాగితే పైతొక్క ఊడి వస్తోంది. వేరుకుళ్లు. పక్కనే మూరెడు గుంట తవ్వి నీళ్లు నింపాను, మర్నాడు పొద్దుటికి సగం అలాగే ఉన్నాయి. అంటే అక్కడ నీరు ఇంకడం లేదు. ఇది ఏ కిట్టూ చెప్పదు, దాని తప్పేం లేదు.

నేను స్టార్ కోసింది వేరేవాటికి. కార్డులో ఏడు, ఏడున్నర గడులు ట్యూబ్‌లైట్ కింద ఒకేలా ఉంటాయి, ఎండ వెలుగులో చూడాల్సిందే. డిస్టిల్డ్ వాటర్ వాడాలన్న ముక్క కాగితం చివర చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు. అది చూడక కుళాయి నీళ్లతో రెండు టెస్టులు దండగ చేశాను.

మూడో మొక్క చోటు వదిలేసి, ఇంకో మూల జానెడు ఎత్తు మట్టి పోసి గట్టు కట్టాను. నాటేముందు ఆ మట్టినీ గొట్టంలో వేసి చూశా. పసుపు రంగు వచ్చింది, కార్డులో ఆరు దగ్గర.