శ్రీకాకుళంలో మా పిల్లల సింగపూర్ స్టడీ టూర్ చేసిన ట్రావెల్ ఆఫీసు: కాగితాల పనికి పదికి పది, డబ్బు మార్పిడికి నాలుగే

ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చెప్తాను. మా థర్డ్ ఇయర్ పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్లే పని నా మీద పెట్టినప్పుడు వైజాగ్, హైదరాబాద్ కంపెనీల దగ్గర కూడా కొటేషన్లు తీసుకున్నాం. చివరికి పాలకొండ రోడ్డులో మేడ మీద రెండు గదుల్లో నడిచే ఈ ఆఫీసుకే ఇచ్చాం. రేటు తక్కువని కాదు, నిజానికి ఒక హైదరాబాద్ వాళ్లది ఇంకా తక్కువ. వాళ్లంతా మొదట అడ్వాన్స్ ఎంత వేస్తారని అడిగారు, వీళ్లు మాత్రం పిల్లలందరి పాస్‌పోర్టులు, టెన్త్ మెమోలు పట్టుకురమ్మన్నారు. గ్రూపుగా విదేశం వెళ్లేటప్పుడు పాతికమందిలో ఒక్కరి కాగితం తేడా వచ్చినా అందరికీ టెన్షనే, ఆ ఒక్కరిని వదిలేసి వెళ్లే ధైర్యం ఏ మాస్టారికీ ఉండదు. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం కాగితాల గురించే ఉంటుంది.

మన పేర్ల సంగతి తెలిసిందే కదా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఇంకో గడి, విమానం టికెట్లో మళ్లీ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. పిల్లలు ఎవరికి వాళ్లు టైప్ చేసి పంపితే సగం పేర్లు తిరగబడతాయి. ఇక్కడ కాగితాలు చూసే మేడమ్ పిల్లలు పంపిన ఎక్సెల్ షీట్‌ని పక్కన పెట్టేశారు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరసల కోడ్ ఉంటుంది చూడండి, అందులో దేశం కోడ్ తర్వాత ముందు ఇంటిపేరు, రెండు బాణం గుర్తులు, ఆ తర్వాత సొంత పేరు వస్తాయి. ఆ వరస కింద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో ఒక్కో అక్షరం మీద చుక్క పెట్టుకుంటూ, పక్కనే టెన్త్ మెమో పెట్టి చదివారు. ఒకమ్మాయి పేరులో లక్ష్మి ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కె ఎస్ హెచ్‌తో ఉంది. ఇంకో అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, రెండూ కలిపి సొంత పేరు గడిలోనే రాసేశారు. మొదటిదానికి టికెట్, వీసా రెండూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంటే చాలన్నారు. రెండోది ఇప్పటికి నడిచిపోయినా రేపు పై చదువులకి వెళ్లేటప్పుడు ఇబ్బంది పెట్టొచ్చు, టైముంది కాబట్టి రీఇష్యూకి పెట్టుకోమన్నారు. ఆ పని మన శ్రీకాకుళం పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలోనే అయింది, వైజాగ్ పరిగెత్తాల్సిన పని లేకపోయింది. 18 దాటిన వాళ్లకి మామూలు 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు ఫీజు, తత్కాల్ అయితే ఇంకో 2000. ముందు చూసుకుంటే ఆ రెండు వేలు మిగులుతాయి. సింగపూర్‌కి పాస్‌పోర్టు గడువు కనీసం 6 నెలలు ఉండాలన్నది కూడా మొదటి రోజే చూశారు.

ఫొటోల దగ్గర మాత్రం మా పిల్లలకి చిరాకొచ్చింది. సింగపూర్ వీసాకి 35 బై 45 మిల్లీమీటర్లు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ఈమధ్యే తీయించుకున్న ఫొటో కావాలి. ఊళ్లో ఒక స్టూడియోలో అందరూ కలిసి తీయించుకొచ్చారు, ఆయన అలవాటుకొద్దీ ముఖాలన్నీ నునుపు చేసి, రంగు తెల్లబరిచి ఇచ్చాడు. మేడమ్ ఫొటోలు దీపం కింద పెట్టి చూసి, ఒకబ్బాయి చెంప మీద పుట్టుమచ్చ ఎక్కడని అడిగారు. స్టూడియో వాళ్లు తుడిచేశారు! దాదాపు అన్నీ వెనక్కి పంపించి మళ్లీ తీయించారు. పిల్లలు గొణుక్కున్నారు గానీ ఆవిడ చేసిందే కరెక్ట్. మనం నేరుగా వెళ్లి అప్లై చేసుకునే వీసా కాదిది, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారానే వెళ్లాలి. ఫీజు 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కి రాదు. 14ఏ అనే వీసా దరఖాస్తు ఫారం, కాలేజీ లెటర్, ఫొటో అన్నీ ఒక్కో పిల్లకి ఒక్కో కవరులో పెట్టి, కవరు మీద లిస్టు అంటించి, ఏది అందితే దానికి టిక్కు కొట్టారు. అందరి వీసాలూ ఇబ్బంది లేకుండా వచ్చాయి.

తల్లిదండ్రుల మీటింగ్ గురించి తప్పకుండా చెప్పాలి. ఉద్దానం వైపు నుంచి, సోంపేట, కవిటి, కంచిలి నుంచి వచ్చిన వాళ్లకి ఏజెంట్ అంటే ఊరికే భయం కాదు. సింగపూర్, గల్ఫ్ పనులని డబ్బులు కట్టి మోసపోయిన వాళ్లు వాళ్ల చుట్టుపక్కలే ఉన్నారు. ఒకమ్మ లేచి "ఏటి సారూ, మా పిల్లని అక్కడ వదిలేసి వచ్చేయరు కదా" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆఫీసు ఓనర్ కుర్చీ ఆమె పక్కకి లాక్కుని, "అమ్మా, రానూపోనూ టికెట్ ఒకేసారి తీస్తన్నాం, ఇది చూడండి" అని తిరుగు ప్రయాణం తారీకు వేలు పెట్టి చూపించారు. ఆమె ఫోనులోనే ఫొటో తీయించారు, హోటల్ అడ్రస్ తెలుగులో రాసిచ్చారు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇచ్చారు. ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, పడుతుందని, ఎవరి ప్యాన్ ఇస్తే వాళ్ల ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుందని, రిటర్న్ వేసి లెక్కలో సర్దుకోవచ్చు లేదా వెనక్కి తెచ్చుకోవచ్చని కూడా వాళ్లే చెప్పారు. వేరే ఇద్దరు ఏజెంట్ల కొటేషన్లలో టీసీఎస్ ఊసే లేదు, చివర్లో కలుపుతారన్నమాట.

టికెట్లు గ్రూపు ఫేర్‌లో తీశారు. సాధారణంగా పదిమంది దాటితే విమాన కంపెనీలు ఇలా ఇస్తాయి, డిపాజిట్ కట్టి సీట్లు పట్టుకుని పేర్లు తర్వాత ఇవ్వొచ్చు. మాలో ఒకబ్బాయి ఇంట్లో పెళ్లి వచ్చి మానేస్తే గడువు లోపలే ఇంకో పేరు మార్చగలిగాం. వైజాగ్ నుంచి సింగపూర్‌కి నేరుగా స్కూట్ కంపెనీ విమానం ఉంది కాబట్టి హైదరాబాద్, చెన్నై తిరగక్కర్లేదు.

సామాన్ల లిస్టు కూడా బాగుంది, నెట్లోంచి కాపీ చేసింది కాదు. ఊరగాయ హ్యాండ్ బ్యాగులో పెట్టొద్దు, గట్టిగా సీలు చేయించి చెక్ఇన్‌లో వేయండి. ఎండు కొబ్బరికాయ విమానంలోకి రానివ్వరు. గసగసాలు గానీ అవి కలిపిన మసాలా పొడి గానీ అసలు పట్టుకెళ్లొద్దు, సింగపూర్‌లో అది నిషిద్ధ సరుకు. ఈ మాట మీటింగులో గట్టిగా రెండుసార్లు చెప్పారు, ఎందుకంటే కూర పొడిలో గసగసాలు ఉన్నాయో లేవో అమ్మకే తెలుస్తుంది, పిల్లలకి తెలీదు. చూయింగ్ గమ్, వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) కూడా వద్దు. కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రమాత్రల్లాంటివి వాడేవాళ్లు ముందే చెప్పమన్నారు, అక్కడ కొన్నింటికి ముందస్తు అనుమతి కావాలి. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి. అక్కడ కరెంటు మనలాగే 230 వోల్టులు గానీ ప్లగ్గు పిన్నులు గుండ్రంగా ఉండవు, పలకగా మూడుంటాయి. గదికి ఒక అడాప్టర్, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలన్నారు, నలుగురి ఫోన్లూ దాని మీదే నడిచాయి. సింగపూర్ అరైవల్ కార్డు ప్రయాణానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ప్రభుత్వ సైటులో అది ఉచితం, డబ్బులడిగే సైట్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు. మావి ఆఫీసు వాళ్లే ఊరికే నింపిపెట్టారు.

ఇప్పుడు నచ్చనివి. డాలర్లు వీళ్ల దగ్గర మార్చుకోవద్దు. అదే రోజు బ్యాంకు రేటుతో పోల్చి చూస్తే తేడా బాగా ఉంది, అడిగితే సర్వీస్ చార్జీ అన్నారు గానీ ఎంతో కాగితం మీద రాసివ్వలేదు. మిగతా అన్నిటికీ రసీదు ఇచ్చిన వాళ్లు దీనికి ఎందుకు ఇవ్వరు? మేము మిగతా డబ్బు బ్యాంకు ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే వేసుకునే కార్డు) వేయించాం. మన డెబిట్, క్రెడిట్ కార్డులు తీసుకెళ్లే వాళ్లు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం, ట్యాప్ చేసే సౌకర్యం ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి బ్యాంకులు అది ఆఫ్‌లోనే ఉంచి ఇస్తున్నాయి. ఎమ్ఆర్‌టీ అనే అక్కడి మెట్రో రైళ్లలో కార్డు ట్యాప్ చేసి ఎక్కొచ్చు, కానీ ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లలేరు, ఎవరిది వాళ్లకే ఉండాలి. ఈ ముక్క ఆఫీసు వాళ్లు చెప్పలేదు, చెప్పాల్సింది. వాళ్లు అమ్మిన సిమ్ కూడా చాంగీ ఎయిర్‌పోర్టులో దొరికేదాని కంటే ఖరీదే.

ఇంకొకటి, వీళ్లకి టూరు తెలుసు, స్టడీ తెలీదు. మొదట ఇచ్చిన ప్లానులో సెంటోసా దీవి, యూనివర్సల్ స్టూడియోస్ పార్కు, షాపింగ్, మళ్లీ షాపింగ్. సివిల్ పిల్లలకి మెరీనా బరాజ్ లేకుండా సింగపూర్ ఏమిటి? 2008లో కట్టారు, 350 మీటర్ల వెడల్పు, తొమ్మిది గేట్లు. సముద్రం పోటు మీదున్నప్పుడు గేట్లు ఎత్తలేకపోతే వాన నీటిని పంపులతో బయటికి తోడతారు, లోపల ఊరి నడిబొడ్డునే మంచినీళ్ల రిజర్వాయరు. వంశధార మీద గొట్టా బరాజ్ చూసి పెరిగిన పిల్లలు గేట్ల దగ్గర నిలబడి వేసిన ప్రశ్నలకి అక్కడి గైడు ఇంకో అరగంట ఉండిపోయారు. మ్యాక్స్‌వెల్ రోడ్డులో సిటీ గ్యాలరీ ఉంది, ఊరు మొత్తం నమూనా కట్టి పెట్టారు, టికెట్ కూడా లేదు. ఈ రెండూ మేమే పట్టుబట్టి పెట్టించాం, మెయిళ్లు మేమే రాసుకున్నాం. ప్లాను మార్చమంటే మాత్రం వీళ్లు విసుక్కోలేదు, బస్సు టైములన్నీ మళ్లీ కూర్చుని సర్దారు.

ఇద్దరు ముగ్గురు సొంతంగా వెళ్లేవాళ్లకి వీళ్ల సర్వీసు చార్జీ దండగే అనిపిస్తుంది. కాలేజీ గ్రూపు, అందులోనూ ఇంట్లో మొదటిసారి విమానం ఎక్కే పిల్లలుంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. కాకపోతే క్యాన్సిలేషన్ షరతులు రాసిచ్చేదాకా అడ్వాన్స్ కట్టకండి, అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు. మెట్లు బాగా ఇరుకు, పెద్దవాళ్లని తీసుకెళ్లే పనైతే ముందు ఫోన్ చేయండి, కింద టీ కొట్టు దగ్గరికి వాళ్లే దిగి వస్తారు. సాయంత్రం ఏడు దాటాక ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో పెడితే పొద్దున్నే జవాబొస్తుంది.